పాచి పళ్ళు

మా వడ్రంగి షెడ్డులో నన్ను ఛీఛీ అంటారు. పెళ్ళై వచ్చిన కొత్తలో మా మరిది పెట్టిన పేరు అది. అప్పుడు వాడు నిక్కర్లేసుకుని తిరిగేవాడు, ఇప్పుడు వాడి బట్టతల మీద రంపపు పొట్టు రాలుతోంది, పేరు మాత్రం పోలేదు. నాకేం బాధ లేదు. ఛీ అనాల్సినదాన్ని ఛీ అనక నెత్తిన పెట్టుకుంటారా ఎవరైనా? కంపు తగిలితే నా మొహం దానంతట అదే చిట్లిపోతుంది. దాచుకోవడం నా వల్ల కాదు. కోపమూ అంతే, ముక్కు మీదే ఉంటుంది. మొత్తానికి నా సంసారమంతా ఈ ముక్కు చుట్టూనే తిరిగింది.

ఆ పేరుకు నవ్వనివారు మామయ్య ఒక్కరే. "ఛీ అనేవాళ్ళే శుభ్రంగా కడుగుతారు" అని, నా చేతికి ఒక బేసినూ, ఒక పాత టూత్ బ్రష్షూ ఇచ్చి, రంపాల పళ్ళు తోమే పని నాకు అప్పజెప్పారు.

అవును, పళ్ళు తోమడమే. చెక్కలో బంక ఉంటుంది. కోసేటప్పుడు వేడికి అది కరిగి, పొట్టుతో కలిసి, బ్లేడు పళ్ళకు అంటుకుని గట్టిపడుతుంది. మా షెడ్డులో దాన్ని పాచి అంటాం. నిద్ర లేచిన మనిషి నోట్లో ఉండేదాన్ని ఏమంటామో దీన్నీ అదే అంటాం, చూడ్డానికి రెండూ ఒకటే కాబట్టి. పాచి పట్టిన బ్లేడు కోయదు, నములుతుంది. చెక్క అంచు నల్లగా మాడుతుంది. కోత పక్కకు లాగుతుంది. అప్పుడు మగవాళ్ళంతా 'పదును పోయింది' అని సానపట్టేవాడి దగ్గరికి పరిగెడతారు. పదునుకేం రోగం నాయనా, పళ్ళు తోమలేదు, అంతే.

మామయ్యది ఇంకో రూలు ఉంది. జలుబు చేసినవాడు ఆ రోజు రంపం ముట్టుకోకూడదు. మోటారు కాలబోతున్నా, బ్లేడు వేడెక్కుతున్నా, పొట్టు సంచిలో నిప్పు రాజుకుంటున్నా ముందు తెలిసేది ముక్కుకే, కంటికి కనిపించేసరికి చేతులు కాలిపోతాయి అనేవారు. మా మరిదికి ఆ రూలు వరమైంది. పని ఎగ్గొట్టాలంటే రెండు తుమ్ములు తుమ్మేవాడు. మా ఆయనకు మాత్రం శాపమైంది. మొదటిసారి పెద్ద తలుపుల పని ఒప్పజెప్పిన రోజునే జలుబు చేస్తే, పలకను బ్లేడులోకి నెట్టే తోపుడు కర్రను మామయ్య ఆయన చేతిలోంచి లాక్కుని ఇంటికి పొమ్మన్నారు. ఆ ఉక్రోషం మా ఆయనకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇలా ఉండగా, పోయిన చలికాలంలో మామయ్యకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. ఆయన లేచి మళ్ళీ రంపం దగ్గర నిలబడ్డ కొన్నాళ్ళకు, అక్క కాలు విరిగిందని కబురొచ్చింది. అక్కకు నేను తప్ప ఎవరున్నారు? బ్రష్షూ బేసినూ మా ఆయనకు చూపించి, "రోజూ తోమండి, మర్చిపోకండి" అని ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్ళాను. నెలలు గడిచాక అక్క కర్ర పట్టుకుని నడుస్తుంటే తిరిగొచ్చాను.

వచ్చి షెడ్డు గుమ్మంలో కాలు పెట్టానో లేదో, గుప్పుమని కొట్టింది. కంపు. మామూలు కంపు కాదు, చచ్చినదాని కంపు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూద్దును కదా, చెక్క పలకల దొంతర పక్కన తన పాత కుర్చీలో మామయ్య హాయిగా కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది.

"వచ్చావా అమ్మాయ్. రా, కూర్చో" అన్నారు.

కూర్చోవడమా? ఆ దొంతర వెనక్కి వంగి చూశాను. ఎలుక. పొట్ట ఉబ్బి పగిలి ఉంది. అందులో తెల్లగా ఏవో మసులుతున్నాయి. ఆయన టీ కప్పుకు మూరెడు దూరంలో. నేను పెట్టిన కేకకు బయట నుంచి అన్నదమ్ములిద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు, ముక్కులు మూసుకుని.

"మీకు కళ్ళు లేవా, సిగ్గు లేదా?" అన్నాను.

"మొన్ననే చచ్చింది వదినా. నువ్వు వస్తున్నావు కదా అని..." మరిది నీళ్ళు నమిలాడు.

నేను వస్తున్నాను కాబట్టి ఎలుక నాకోసం ఎదురుచూస్తుందట. చేటలోకి ఎత్తి, దూరంగా గొయ్యి తీసి పూడ్చి, చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చాను. మామయ్య నవ్వుతూ, "ఎలుకకే అంత గోల ఏమిటే" అన్నారు. ముసలాయన కూడా మగవాళ్ళ జాతేగా అనుకుని ఊరుకున్నాను.

అంతటితో అయిపోతే బాగుండేది. నా బేసిన్ కోసం వెతికితే అందులో మరిది సాక్సులు నానుతున్నాయి. నీళ్ళ మీద తెట్టు కట్టింది. బ్రష్షు ఏదిరా అంటే తెచ్చి ఇచ్చాడు. బూట్లు రుద్దుకున్నాడట దానితో. "అది పాతదే కదా వదినా" అని సమర్థింపు ఒకటి. కిటికీ గట్టు మీద టీ కప్పుల్లో బూజు బొచ్చులా లేచింది. చేతులు తుడుచుకునే తువ్వాలు నిలబెడితే నిలబడేలా ఉంది. ఛీ. నేను పోతే ఈ మనుషులు పురుగుల్లో పురుగులై బతికేస్తారు.

ఇక రంపం చూశాను. మాది బల్ల రంపం, బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి లేచి ఉంటుంది. కరెంటు తీసి, బ్లేడు విప్పి వెలుగులో పెట్టాను. ఉక్కు కనిపిస్తే ఒట్టు. పళ్ళ సందులు పూడిపోయాయి. రెండు పక్కలా గోధుమరంగు పొర, దాని మీద నల్లటి పొర, దాని మీద పొట్టు. పాకం మాడిన గిన్నె నయం. గోటితో గీకితే నలుపు గోరు కిందికి పోయింది కానీ అది ఊడలేదు.

మా ఆయన మెల్లగా నన్ను బయటికి పిలిచాడు. బయట గోడ నీడలో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. వాటి కాళ్ళు నేలలో గుంటలు చేసుకున్నాయి.

"ఇక్కడెప్పట్నుంచి కూర్చుంటున్నారు?" అన్నాను.

"నువ్వెళ్ళినప్పట్నుంచే. నాన్న పక్కన కూర్చుని నాన్న గురించి మాట్లాడుకోలేం కదా" అన్నాడు. అని, అసలు విషయం చెప్పాడు. "ఆయనకి వయసైపోయిందే. చెయ్యి వణుకుతోంది. ఏది కోసినా వంకర, ఏ అంచు చూసినా మాడు. రెండు తలుపులు పాడైపోయాయి. అంచులు చెక్కే రూటర్ పట్టుకుంటే ఇంకా ఘోరం. రేపు ఆ పెద్ద పలక కోయాలి, ఒకే చెక్క, పోతే మళ్ళీ దొరకదు. ఆయన్ని రంపం మీదనుంచి దింపెయ్యాలి. నువ్వు చెప్పు. నీ మాటైతే వింటాడు."

ఒళ్ళు మండిపోయింది. కన్న తండ్రికి ఎదురుగా చెప్పే దమ్ము లేక, గోడ చాటున కుర్చీలేసుకుని, చివరికి నా నోరు అరువు అడుగుతున్నారు. ఎలుక కంపు నయం.

"వంకర ఆయన చేతిలో లేదు, మీ బద్ధకంలో ఉంది" అన్నాను. "ఆ బ్లేడుకి పళ్ళు తోమి ఎన్నాళ్ళయింది?"

"రోజూ తోముతూనే ఉన్నాడు వదినా, నాన్నే తోముతున్నాడు" అన్నాడు మరిది.

"నోరు మూసుకో. సాక్సుల్లో తోముతున్నాడా?"

"నిజంగానే. సాయంత్రమైతే ఆ పని ఎవరినీ ముట్టుకోనివ్వడు. వేరే పళ్ళెం పెట్టుకున్నాడు."

నేను నమ్మలేదు. మా మామయ్య చేతి కింద ఆ పాచి పేరుకోవడమా? ఆయన తోమిన బ్లేడులో మొహం చూసుకోవచ్చు. అక్కడికక్కడే పందెం వేశాను. బ్లేడూ రూటర్ బిట్లూ నేను తోమి ఇస్తాను, రేపు ఆ పలక మామయ్యే కోస్తారు. కోత తిన్నగా వస్తే ఆయన్ని దింపే మాట జన్మలో ఎత్తకూడదు. వంకర పోతే నేనే ఆయనతో చెప్తాను. మా ఆయన తమ్ముడి మొహం చూశాడు, ఇద్దరూ తలలూపారు.

వెంటనే సాక్సులు పారబోసి, బేసినును బూడిదతో తోమి, కొత్త బ్రష్షు తెప్పించి కూర్చున్నాను. గోరువెచ్చటి నీళ్ళలో బట్టల సోడా, కాస్త సబ్బు. బ్లేడు అందులో కాసేపు నానితే చాలు, బంక మెత్తబడి ఊడొస్తుంది. మరీ ఎక్కువ నానబెట్టకూడదు, పళ్ళకు అతికిన గట్టి మొనల అతుకు దెబ్బతింటుంది. ఇనుప పీచుతో గీకకూడదు. నానబెట్టడం, బ్రష్షుతో ఒక్కో పన్ను తోమడం, తుడవడం, ఆరబెట్టడం, చివర్లో తుప్పు పట్టకుండా గుడ్డతో మెషిన్ నూనె పల్చగా రాయడం. ఇంతే విద్య. ఇందులో అర్థం కానిదేముందో ఆ మహానుభావులకే తెలియాలి.

కానీ ఈ పాచి మెత్తబడలేదు.

తోమాను. నీళ్ళు మార్చి మళ్ళీ నానబెట్టి మళ్ళీ తోమాను. పైనున్న నలుపు మాత్రం కాస్త కరిగి చేతొడుగులకు జిగటగా అంటుకుంది. కింద పొర కదల్లేదు. చెక్క పుల్ల చెక్కుకుని దానితో నెట్టితే, పొడిపొడిగా రాలాల్సింది, చర్మం వలిచినట్టు పొరలుగా లేచింది. ఎండిన పుండు మీది పెచ్చు లేస్తున్నట్టు. అయినా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. మరి నా ముక్కు ఉన్నది ఎందుకు?

బంక వాసన కాదు అది. మాడు వాసన కింద, కమ్మగా, కొత్త చెక్క బీరువా తలుపు తీస్తే కొట్టే వాసన. ఎక్కడిదో వెంటనే తట్టలేదు.

రూటర్ బిట్లు తీశాను. చెక్క అంచులకు నగిషీ చెక్కే చిన్న చిన్న మొనలు అవి. కొన్నిటికి కొసన బఠాణీ గింజంత బేరింగు ఉంటుంది, అది అంచు వెంట దొర్లుతూ బిట్టుకు దారి చూపిస్తుంది. బిట్టును నీళ్ళలో ముంచేముందు బేరింగు విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే లోపలి గ్రీజు పోతుంది. ఒకటి విప్పి వేలితో తిప్పాను. తిరగలేదు. రెండోదీ తిరగలేదు. ఏ ఒక్కటీ తిరగలేదు. అందుకే అంచులు మాడుతున్నాయి మరి, దొర్లాల్సింది రాసుకుంటూ పోతోంది. సూదితో లోపల గీకితే తేనె రంగు పెచ్చు ఊడొచ్చింది. అదే వాసన.

అప్పుడు చేతులు ఆగిపోయాయి. బయటి పాచి బేరింగు లోపలికి ఇంత నిండుగా దూరదు. ఎవరో చుక్క చుక్కగా, శ్రద్ధగా, రోజూ వేస్తే తప్ప. మా ఆయనకు బేరింగుకి నూనె చుక్క వేయాలన్న ధ్యాసే ఉండదు. మరిదికి బేరింగు ఉందనే తెలియదు. ఈ షెడ్డులో ఆ చుక్క వేసే మనిషి ఒక్కరే.

లేచి అలమార దగ్గరికి వెళ్ళాను. ఒకేలాంటివి రెండు తెల్ల డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. నేను వెళ్ళేటప్పుడు తెల్ల డబ్బా ఒక్కటే, అందులో మెషిన్ నూనె. పాలిషుకు వాడే అవిసె నూనె రేకు డబ్బాలో ఉండేది. మరిదిని పిలిచి అడిగాను.

"ఆ రేకు డబ్బా కారుతోంది వదినా, అందుకే ఇందులో పోశాను."

"దీని మీద పేరేదిరా?"

"పేరెందుకు, వాసన చూస్తే తెలీదా?" అన్నాడు.

అవిసె నూనె అంటే ఏమిటో తెలుసుగా. చెక్కకు రాస్తే ఆరి, గట్టిపడి, గాజులా మెరుస్తుంది. అందుకే పాలిషుకు వాడతాం. దాన్ని బ్లేడుకు రాస్తే రాత్రికి ఆరుతుంది, పొద్దున పొట్టు పట్టుకుంటుంది, మధ్యాహ్నానికి వేడికి కాలి పెంకు కడుతుంది. సాయంత్రం మామయ్య సబ్బునీళ్ళతో తోముతారు, అది పోదు. అయ్యో ఇంత పాచి పట్టిందే అని ఇంకాస్త ఎక్కువ నూనె రాస్తారు. ఆ దరిద్రమంతా ఆయన శుభ్రమే.

నాకు మాత్రం ఎలుక గుర్తొచ్చింది. దాని పక్కన హాయిగా తాగుతున్న టీ గుర్తొచ్చింది.

రెండు డబ్బాలూ పట్టుకుని ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళాను. అన్నదమ్ములు బయట ఉన్నారు.

"మామయ్యా, వీటిలో పాలిషు నూనె ఏది?"

ఆయన ఒక డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కానీ కళ్ళు డబ్బా మీద లేవు, నా మొహం మీద ఉన్నాయి. రెండోది తీశారు. మళ్ళీ నా మొహమే చూశారు. నేను పళ్ళు బిగించి రాయిలా నిలబడ్డాను.

"రెండూ మెషిన్ నూనేగా" అన్నారు, సగం అడుగుతున్నట్టు.

ఇక నా మొహం దాచుకోలేకపోయాను. ఆయనకు అర్థమైపోయింది. మూతలు రెండూ జాగ్రత్తగా బిగించారు.

"జ్వరం తగ్గింది కానీ ఇది రాలేదే" అన్నారు ముక్కు చూపించి. "వస్తుందిలే అనుకున్నాను. నువ్వున్నన్నాళ్ళూ నీ మొహం చూసి నెట్టుకొచ్చాను. నువ్వు మొహం చిట్లిస్తే స్విచ్చు ఆపేవాణ్ణి. పాలు విరిగినా నీ మొహమే, మోటారు వేడెక్కినా నీ మొహమే. నువ్వెళ్ళాక వీళ్ళ మొహాల్లో ఏముంది, చూడ్డానికి?"

"నిప్పు రాజుకుంటే ఏం చేసేవారు మామయ్యా?"

ఆయన డబ్బాలు నా చేతికిచ్చేశారు. "పాచి నేను పట్టించిందేనా?" అన్నారు. అవునన్నాను. తలొంచుకున్నారు. "వాళ్ళకి చెప్పకే" అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"నేను ముక్కుసూటి మనిషిని, మీకు తెలుసు. నా అంతట నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధమాడను."

"అడగరులే. వాళ్ళకి అడగడం కూడా రాదు" అన్నారు.

ఆ మాట చాలా బాగుంది కానీ నాకు నవ్వు రాలేదు. తిరిగొచ్చి బేసిన్ ముందు కూర్చున్నాను. సోడా ఎక్కువ వేసి, వేడినీళ్ళు మార్చి మార్చి, పుల్లతో పొర పొరా లేపాను. ఇందాక ఒక్కో పెచ్చుకూ ఛీ అన్నాను, ఇప్పుడు అనలేకపోయాను. అయినా అసహ్యం పోయిందనుకోకండి. అరచేతి నిండా ఆ జిగురు, ఆ వాసన అలాగే ఉన్నాయి. ఎవరిమీద ఛీ అనాలో తెలియకపోవడమే కొత్త. వెలుగు తగ్గేలోపు బ్లేడు తళతళలాడింది. బిట్లకు కొత్త బేరింగులు వేశాను. మెషిన్ నూనె నేనే వాసన చూసి నేనే రాశాను. పాలిషు డబ్బా మీద బొగ్గుతో పెద్ద అక్షరాలు రాసి దూరంగా పెట్టాను.

మర్నాడు పొద్దున్నే బ్లేడు బిగించాం. పళ్ళు కోసేవాడి వైపు తిరిగి ఉండాలి, చూసుకున్నాను. అన్నదమ్ములు చెరోవైపు పట్టి పలకను బల్ల మీదికి ఎక్కించారు. మామయ్య తోపుడు కర్ర తీసుకుని నిలబడ్డారు. నేను ఆయనకు ఎదురుగా, ఆయన తలెత్తితే నా మొహం కనిపించేచోట నిలబడ్డాను. ఎందుకో ఎవరూ అడగలేదు.

స్విచ్చు పడింది. చెక్క బ్లేడులోకి వెళ్ళిన చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నమలడం లేదు, గుడ్డ చింపినట్టు కోస్తోంది. ఆయన చేతిలో వణుకు లేదు. ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒక్క పోటున తోసేశారు. మా ఆయన కోత మీద వేలితో రాశాడు. మాడు లేదు, వంకర లేదు, అద్దంలా ఉంది.

"నాన్నా, దారం పెట్టి లాగినట్టు ఉంది" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. అంతా బాగానే ఉంది, అక్కడితో ఆగుతాడా మనిషి? సంతోషమొస్తే ఎవరినో ఒకరిని తిట్టాలి మా ఆయనకు. తమ్ముడి మీద పడ్డాడు.

"చూశావురా? చెయ్యీ బాగుంది, కన్నూ బాగుంది. ఆ పాచి వల్ల నాన్నని దింపేద్దామనుకున్నాం. బేసిన్లో సాక్సులు నానబెట్టుకునే వెధవ్వి, నీకు ఒక్కపూట పళ్ళు తోమడం చేతకాదా?"

"నేనెందుకు తోమాలి? నాన్న తోముతున్నాడుగా."

"ఇంకా నాన్న మీద తోస్తావా? నాన్న తోమితే అంత పాచి ఎలా పడుతుంది?"

మాటా మాటా పెరిగింది. మరిది ఎప్పుడూ ఎదురు చెప్పడు, తిట్లను పొట్టులా దులుపుకుంటాడు. ఈసారి మొహం కందిపోయింది. ఒంటిమీది ఏప్రన్ విప్పి బల్ల మీద పడేశాడు. "అన్నీ నా నెత్తినే రుద్దండి. నాకొద్దీ షెడ్డు" అని గుమ్మం వైపు నడిచాడు.

మామయ్య తోపుడు కర్ర పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. నేను ఆయన్నే చూస్తున్నాను. నిజం చెప్తున్నా, ఆ క్షణంలో ఆయన మీద కూడా అసహ్యం పుట్టింది నాకు. చేయని తప్పుకు కొడుకు వెళ్ళిపోతుంటే నోరు విప్పరేం?

"నువ్వు చెప్పు" మా ఆయన నావైపు తిరిగాడు. "తోమింది నువ్వే కదా. ఆ పాచి ఎవరిది?"

అడగనే అడిగాడు. నేను నోరు తెరిచాను.

"ఒరేయ్" అన్నారు మామయ్య.

గుమ్మం దగ్గర మరిది ఆగాడు. మామయ్య చెయ్యి చాపి రంపం కరెంటు తీసేశారు. తోపుడు కర్రను రెండు చేతులా పట్టుకుని తెచ్చి మా ఆయన చేతిలో పెట్టారు.

"నాకు జలుబు చేసిందిరా" అన్నారు.

ఇద్దరికీ ముందు అర్థం కాలేదు. మరిదైతే నవ్వబోయాడు.

"పోయిన చలికాలం పట్టుకుంది. ఇది తగ్గే జలుబు కాదు. ఆ నూనె డబ్బాలు కూడా పోల్చుకోలేకపోయాను. పాచి నాదే. వాణ్ణి తిట్టకు."

మా ఆయన చేతిలో కర్రను చూశాడు, తండ్రిని చూశాడు. ఎన్నేళ్ళ నాటి ఉక్రోషమో, ఆ మొహంలోంచి దిగిపోవడం నాకు కనిపించింది. "ఇంటికి వెళ్ళిపోతావా నాన్నా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"ఇంటికెందుకురా. రంపం ముట్టుకోను, అంతే" అన్నారు మామయ్య. మరిది వచ్చి ఏప్రన్ మళ్ళీ కట్టుకున్నాడు.

మధ్యాహ్నం నేను బిట్లు ముందేసుకుని కూర్చుంటే, మామయ్య తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన వేసుకుని, బ్రష్షు అందుకున్నారు. "తోమేది నేను, నూనె నువ్వు" అన్నారు. సరేనన్నాను. ఒక్కో పన్నూ ఆయన తోముతుంటే చూడముచ్చటగా ఉంది. నాలుగు బిట్లు అయ్యాక, తలెత్తకుండా అడిగారు.

"ఆ ఎలుక ఎన్నాళ్ళ నుంచి ఉందే అక్కడ?"

"ఎందుకు మామయ్యా?"

"ఏం లేదు. వీళ్ళిద్దరూ నా పక్కన కూర్చోవడం మానేశారు. నువ్వెళ్ళినప్పట్నుంచీ కుర్చీలు బయటే. ముసలాడి పక్కన కూర్చోబుద్ధి కాలేదేమో అనుకున్నాను." బ్రష్షు ఆగింది. "ఆ కంపుకేనా వెళ్ళింది?"

మొన్ననే చచ్చింది వదినా అన్న మరిది మాట చెవిలోనే ఉంది. గోడ నీడలో కుర్చీలు నేలను తవ్విన గుంటలు కళ్ళముందే ఉన్నాయి. తండ్రి పక్కన కూర్చుంటే తండ్రిని దింపే మాటలు ఎలా మాట్లాడుకుంటారు మరి.

"దానికే మామయ్యా. నేను వెళ్ళినప్పట్నుంచీ ఉందట" అన్నాను.

ఆయన తలెత్తి నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఇన్నాళ్ళూ వాసనలన్నీ అక్కడే వెతుక్కున్నారు. నేను ముక్కు ఎగబీల్చి, కళ్ళు మూసి, పెదాలు వంకర తిప్పి, ఇప్పుడే ఆ కంపు కొట్టినట్టు మొహం మొత్తం చిట్లించాను. కావాలని అలా చిట్లించడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఎలుక అన్నాళ్ళు కంపు కొడుతుందా?" అన్నారు.

"అది ఎలుక కాదు మామయ్యా" అన్నాను. "పందికొక్కు. ఇంత ఉంది."